త్యాగభూమి కర్త సుబ్రహ్మణ్యము

కె. సుబ్రహ్మణ్యము పేరు చెప్పగానే తమిళదేశమున ముందుగా స్ఫురించునది 'త్యాగభూమి' చిత్రము. 1939లో వెలువడి జనాదరణము నొందిన యా చిత్రమును, ఆ సంవత్సరము అక్టోబరులో రాజాజీ మంత్రివర్గము తొలగిన పిదప, మదరాసు ప్రభుత్వము నిషేధించెను. ఖద్దరును, దేశభక్తి గీతములును దొరతనమువారికి కంటకమగుట వింత గాదు. కాని యా చిత్రమున నంతకంటె పదునైన భాగము వేరొకటి కలదు. దానిని చూచి బెదరవలసినవారు దొరలు గారు, మనమే.

సుబ్రహ్మణ్యము 1904లో తంజావూరు మండలమునందలి పాపనాశమున జన్మించెను, న్యాయశాస్త్రము చదివెను. 1934లో 'పవళక్కొడి'తో దర్శకుడయ్యెను. ఎం.కె. త్యాగరాజ భాగవతారు తొలి చిత్ర మదియే. పాటలతోడను పురాణకథలతోడను ధనమార్జించుటకు మార్గము సుగమమయ్యెను. ఆయన యంతటితో తృప్తి నొందలేదు. 1937లో 'బాలయోగిని' తీసి బ్రాహ్మణ వితంతువు దురవస్థను తెరపై నిలిపెను. ఛాందసులు వెలిమాట యెత్తిరి. 1938లో ప్రేమచందు నవల నాధారముగా గొని 'సేవాసదనము' తీసెను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వెండితెరకు వచ్చినది అందులోనే. 1945లో యుద్ధప్రయత్నమునకు తోడ్పడు 'మానసంరక్షణము' కూడ నీయన తీసినదే. మెచ్చువారు దానిని మరుగుపరచ బనిలేదు.

'త్యాగభూమి' కథ కల్కి రచన. చిత్రమునందలి ఛాయాపటములతో 'ఆనందవికటన్' పత్రికలో ధారావాహికముగా వెలువడెను. సంగీతవిద్వాంసుడు పాపనాశం శివన్ శంభుశాస్త్రి పాత్ర ధరించెను. గాలివానలో హరిజనులకు ఆశ్రయ మొసగినందుకు శాస్త్రి నూరివారు వెలివేయుదురు. ఆయన కూతురు సావిత్రిని, పాశ్చాత్య వ్యామోహమున బడిన భర్త తిరస్కరించును. ఆమె దిక్కులేక తిరిగి, బిడ్డను గని, బొంబాయి చేరి, మేనత్త యాస్తికి వారసురాలగును. అప్పుడు భర్తకు భార్య జ్ఞప్తికి వచ్చును! కాపురమునకు రమ్మని వ్యాజ్యెము వేయును.

న్యాయస్థానమున సావిత్రి రానని చెప్పును. కావలయునన్న భర్తకే మనోవర్తి యిచ్చెదననును. భార్యకు మనోవర్తి యిప్పించు తీర్పులు మన మెరుగుదుము. దీనిని విని నాటి ప్రేక్షకు లులికిపడియుందురు. న్యాయశాస్త్ర మెరిగిన దర్శకుడు గనుకనే, కంటనీరుతో ముగియవలసిన కథను సాక్షిబోను నెక్కించెనని మా యూహ. సభలలో స్వరాజ్యమును గూర్చి గంభీరముగా నుపన్యసించి, యింటికి వచ్చి, ఏడ్చుచు పుట్టిల్లు చేరిన కూతును "సర్దుకొని పొమ్మ"ని బండి నెక్కించిన పెద్దలు మనలో లేకపోయిరా? రాట్నమునకు జోహారు చేసినంత సులభముగా సావిత్రి మాటకు తలయూపుట వారికి సాధ్యమగునా?

స్వరాజ్యము వచ్చెను. సుబ్రహ్మణ్యము 1971లో దివంగతుడయ్యెను. సావిత్రిపై వేసిన వ్యాజ్యెము మాత్రము మాసిపోలేదు. 1955 నాటి హిందూ వివాహ శాసనము 9వ విభాగమున దానికి చోటు దొరకెను. బలవంతపు కాపురము వ్యక్తిగౌరవమునకు భంగకరమని 1983లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థాన మా విభాగమును కొట్టివేసెను. అందు ప్రతివాదిని యొక చలనచిత్ర నటీమణియే. మరుసటి యేట సర్వోన్నత న్యాయస్థానము, దాంపత్యము నిలుపుటకే యా విధి యున్నదని పలికి, యా తీర్పును త్రోసిపుచ్చెను. ఆ విభాగము నేటికిని శాసనమున నున్నది.