'భూస్థిర', 'భూసమకాల': రెండు ఆంగ్ల విశేషణాలకు తెలుగు ఎంపిక

శ్రీహరికోట నుంచి జి.ఎస్.ఎల్.వి. ప్రయోగం జరిగినప్పుడు తెలుగు వార్తలలో తరచుగా కనిపించే పదబంధం 'భూస్థిర కక్ష్య'. అయితే ఆ వాహకనౌక పేరులోని విశేషణం 'జియోస్టేషనరీ' కాదు, 'జియోసింక్రనస్'. ఈ రెండింటినీ పర్యాయపదాలుగా భావించడం వల్ల అనువాదంలో శాస్త్రదోషం ప్రవేశిస్తున్నది.

భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. ఉపగ్రహ పరిభ్రమణకాలం దీనికి సమానమైతే ఆ కక్ష్య 'జియోసింక్రనస్'. ఈ పదం కాలాన్ని గురించి మాత్రమే చెబుతుంది. అదే కక్ష్య వృత్తాకారమై, భూమధ్యరేఖాతలంలో, సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండి, ఉపగ్రహం భూభ్రమణ దిశలోనే సాగితే అది 'జియోస్టేషనరీ' అవుతుంది. అప్పుడు ఉపగ్రహం నేలమీది పరిశీలకునికి కదలనట్లు తోస్తుంది. ఇంటి మిద్దెపై టీవీ డిష్‌ను ఒకసారి బిగించి వదిలేయగలగడం ఇందువల్లనే. నిజానికి ఆ ఉపగ్రహం సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతూనే ఉంటుంది. 'స్థిర' అన్నది భూమిని బట్టి చెప్పిన మాట.

మన తర్కశాస్త్ర పరిభాషలో వీటిది వ్యాప్య వ్యాపక సంబంధం. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాలిన ఇనుపగుండులో నిప్పు ఉన్నా పొగ ఉండదు. అలాగే ప్రతి జియోస్టేషనరీ కక్ష్యా జియోసింక్రనసే, విపర్యయం మాత్రం నిజం కాదు. కనుక వ్యాప్యానికి బదులు వ్యాపకాన్ని వాడితే స్పష్టత తగ్గుతుంది, అంతే. వ్యాపకానికి బదులు వ్యాప్యాన్ని వాడితే వాక్యమే అసత్యం కావచ్చు. తెలుగులో జరుగుతున్నది ఈ రెండవ పొరపాటే.

చరిత్ర కూడా ఈ భేదాన్ని చూపుతుంది. అమెరికా 1963లో ప్రయోగించిన సింకామ్-2 జియోసింక్రనస్ మాత్రమే. దాని కక్ష్య భూమధ్యరేఖకు వాలి ఉండేది. 1964 నాటి సింకామ్-3 తొలి జియోస్టేషనరీ ఉపగ్రహం.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ నావిక్ వ్యవస్థ. దాని ఏడు ఉపగ్రహాల రూపకల్పనలో మూడు జియోస్టేషనరీ, నాలుగు 29 డిగ్రీల వాలు గల జియోసింక్రనస్ కక్ష్యలకు ఉద్దేశించినవి. 2013 జూలై 1న శ్రీహరికోట నుంచే బయలుదేరిన ఐ.ఆర్.ఎన్.ఎస్.ఎస్.-1ఎ ఈ రెండవ వర్గానిది. వాలు కక్ష్యలోని ఉపగ్రహం నేలమీద ఎనిమిది అంకె ఆకారపు జాడను గీస్తుంది. ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖపై ఒకే వరుసలో నిలిస్తే స్థాన నిర్ణయానికి కావలసిన జ్యామితి చాలదు. అందుకే ఈ వాలు బుద్ధిపూర్వకంగా కోరుకున్నది. ఈ నాలుగింటిని 'భూస్థిర ఉపగ్రహాలు' అంటే వాటి ప్రయోజనానికే విరుద్ధంగా చెప్పినట్లవుతుంది.

'జియోస్టేషనరీ'కి 'భూస్థిర' చక్కగా ఒదుగుతుంది. చిక్కంతా రెండవ పదంతోనే. వాడుకలో ఉన్న 'భూ అనువర్తిత'లోని 'అనువర్తిత' మనకు 'అనువర్తిత గణితం' వంటి చోట్ల 'అప్లయిడ్' అనే అర్థంలో స్థిరపడింది. 'భూసమకాలిక' అంటే సాహిత్య విద్యార్థికి సమకాలిక కవులు గుర్తుకు వస్తారు. ఆ ఛాయ కొంత తగ్గుతుంది కనుక 'భూసమకాల' మేలని నా అభిప్రాయం. సమానమైన కాలం అన్న అర్థమూ అందులో సూటిగా ఉంది.

ఇక వాహకనౌక పేరు. శ్రీహరికోట ఉత్తర అక్షాంశం సుమారు 13.7 డిగ్రీలు. అక్కడి నుంచి నేరుగా తూర్పుకు ప్రయోగించినా కక్ష్యకు కనీసం అంత వాలు ఉంటుంది. సాధారణంగా జి.ఎస్.ఎల్.వి. ఉపగ్రహాన్ని దీర్ఘవృత్తాకారపు బదిలీ కక్ష్యలో విడిచిపెడుతుంది. ఎత్తు పెంచి, అవసరమైతే వాలును తొలగించేది ఉపగ్రహంలోని ఇంజనే. అందుచేత ఆ పేరును 'భూసమకాల ఉపగ్రహ వాహకనౌక' అనడమే సబబు. అది మోసుకుపోయిన ఉపగ్రహం 'భూస్థిర' అవునో కాదో ఆ ఉపగ్రహపు తుదికక్ష్యను చూసి రాయవలసిన మాట.