చలివేంద్రంలో కుండ

పిల్లలూ, ఎండాకాలంలో మీరెప్పుడైనా మా అనంతపురం వైపు వచ్చారా? వస్తే, బస్సు దిగిన చోటనే వేపచెట్టు కింద ఒక చిన్న పందిరి కనిపిస్తుంది. అందులో తడి ఇసుకమీద రెండు మూడు మట్టికుండలు, వాటిమీద మూతలు, పక్కనే ఒక గ్లాసు ఉంటాయి. అది చలివేంద్రం. దారిన పోయే ఎవరైనా సరే కడుపారా నీళ్ళు తాగి వెళ్ళవచ్చు. పైసా ఇవ్వనక్కరలేదు.

మా జిల్లా ఎటువంటిదో మీ భూగోళం పుస్తకంలో చదివే ఉంటారు. నైరుతి ఋతుపవనాలు తెచ్చే మేఘాలు పడమటి కనుమలకు తగిలి అక్కడే వర్షిస్తాయి. ఈశాన్య ఋతుపవనాలేమో తూర్పుతీరం నుంచి ఇంతదూరం వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. అంచేత మాకు ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఇటువంటి చోట నలుగురికి నీళ్ళు ఊరికే పొయ్యటం సామాన్యమైన పని కాదు. తాగేవాడికి ఆ నీళ్ళు ఉచితమే. కాని తెల్లవారకముందే లేచి ఆ కుండ నింపేవారు ఒకరు ఉన్నారుగదా!

ఈ కుండ సంగతి ఎందుకు ఎత్తానంటే, బడిపిల్లల కోసం అటువంటి చలివేంద్రమే ఒకటి ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్నది. అక్కడ వ్రాసుకోవటానికి, బొమ్మలు వేసుకోవటానికి, పాటలూ మాటలూ పట్టి ఉంచటానికి, వాటిని పదిమందికీ చూపటానికి కావలసిన సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. మా ఊరి అమ్మాయి ఒకతె ఆ చలివేంద్రానికి వెళ్ళిన కథ చెబుతాను, వినండి.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి. వాళ్ళ టీచరమ్మ తరగతి పేర ఒక బ్లాగు తెరిచింది. బ్లాగంటే, మీరు వ్రాసినది తేదీలవారీగా అచ్చయ్యే ఒక పుస్తకం అనుకోండి. దానికి కాగితం ఉండదు. ప్రపంచంలో ఎవరైనా తెరిచి చదవవచ్చు. "ఉచితంగా దొరికే సాధనాలతో మన ఊరిని గురించి తలా ఒక పుట తయారుచేసి పెట్టండి" అని టీచరమ్మ పిల్లలకు చెప్పింది. అమ్మాయి నా దగ్గరకు వచ్చి, "సార్, ఎట్లా మొదలు పెట్టేది?" అని అడిగింది. నేను పదవీవిరమణ చేసిన తరువాత, అరవై దాటిన వయస్సులో, తెలుగు టైపు చెయ్యటం నేర్చుకున్నవాణ్ణి. సంతోషంగా కూచోపెట్టి చూపించాను.

మొదట తెలుగులో వ్రాయటం. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అంచేత ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉండాలి. 1991లో వచ్చిన యూనికోడ్ అనే ఏర్పాటులో మన తెలుగుకు కూడా చోటిచ్చారు. "అ"కు 3077, "ఆ"కు 3078, "క"కు 3093. దీర్ఘానికి వేరే అంకె 3134. "క" అంకె పక్కన దీర్ఘం అంకె వేస్తే "కా" అవుతుంది. ఈ ఏర్పాటు వాడుకలోకి రాకముందు ఒక కంప్యూటరులో వ్రాసిన తెలుగు మరొక దానిలో తెరిస్తే పిచ్చిగీతల్లాగా కనిపించేది. ఇప్పుడు అనంతపురంలో వ్రాసిన "అ" అమెరికాలో కూడా "అ" గానే కనిపిస్తున్నది.

ఇక, ఇంగ్లీషు అక్షరాలున్న మీటలతో తెలుగు వ్రాసే ఉపాయం ఉన్నది. ఎ, ఎం, ఎం, ఎ అని నొక్కితే "అమ్మ" అని పడుతుంది. 1990ల మొదట్లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, రైస్ విశ్వవిద్యాలయంలో, కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ అనే తెలుగువారు ఇటువంటి పద్ధతిని తయారుచేశారు. ఆ పద్ధతి ఆధారంగానే తరువాత వీవెన్ అనే ఆయన "లేఖిని" అనే సాధనం చేసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. ఆ అమ్మాయి అందులో మొట్టమొదట వ్రాసిన మాట ఏమిటో తెలుసునా? "వాన". మా ఊరి పిల్ల మరి!

బొమ్మలు సరిదిద్దుకోవటానికి గింప్ అనే సాధనం ఉన్నది. దాన్ని 1995లో కాలిఫోర్నియాలో ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనేవాళ్ళు, తమ చదువులో భాగంగా మొదలుపెట్టారు. బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ 2003లో పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకడైన మాట్ మల్లెన్‌వెగ్ అప్పటికి 19 ఏళ్ళ విద్యార్థి. అతడు కూడా హ్యూస్టన్‌లో చదివినవాడే. చూశారా, ఈ చలివేంద్రంలో కుండలు నింపినవాళ్ళలో చాలామంది మీ అన్నలవంటి, అక్కలవంటి విద్యార్థులే!

దీని విలువ తెలియాలంటే మా ఊళ్ళ పాత రోజులు చెప్పాలి. 1926లో పప్పూరు రామాచార్యులుగారు అనంతపురం నుంచి "శ్రీ సాధన" అనే వారపత్రిక నడపటం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో పత్రిక అంటే సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చాలి, కాగితం కొనాలి, టపాలో పంపాలి. నా కాలంలో మా బడిపిల్లలు చేతితో వ్రాసి ఒక లిఖిత పత్రిక తెచ్చేవారు. అది ఒకే ప్రతి. ఒక సెలవుల్లో దానికి చెదలు పట్టింది. అంతటితో సరి! ఇప్పుడో, ఒక మీట నొక్కితే వెయ్యిమంది చదవవచ్చు.

కాని ఈ సులువులోనే ఒక చిక్కు ఉన్నది. అదేమిటో చెబుతాను.

అమ్మాయి తన పుటకు "మా ఊళ్ళో వాన" అని పేరు పెట్టింది. అంతకుముందు రోజు మా ఊళ్ళో నాలుగు చినుకులు పడ్డ మాట నిజమే. అయితే ఆమె ఎక్కడినుంచో ఒక అందమైన ఫోటో తెచ్చి పెట్టింది. అందులో పచ్చని చేను, చేను నిండా నీళ్ళు, వెనక కొబ్బరిచెట్లు ఉన్నాయి. ఎవరో వ్రాసిన మాటలే తీసుకుని, "నిన్న మా ఊళ్ళో కుండపోతగా వాన కురిసింది" అని కింద వ్రాసింది. పుట చాలా బాగున్నదని తరగతిలో అందరూ మెచ్చుకున్నారు.

వాళ్ళ నాయన బెంగుళూరులో కట్టడపు పనికి వెళ్ళి ఉన్నాడు. మా వైపు చాలామంది అంతే. పదును వాన పడితే వచ్చి శనక్కాయ విత్తుతారు, లేకపోతే కూలికి పోతారు. కూతురు వ్రాసిన పుటను ఆ రాత్రి ఎవరో ఆయనకు ఫోనులో చూపించారు. ఆయన ఇంటికి ఫోను చేశాడు. ఉన్న ఒక్క ఫోనూ చార్జి లేక పలకలేదు. "ఇంత వాన పడ్డాక ఇక ఆలస్యమెందుకు?" అనుకుని, అప్పటికప్పుడు బస్సెక్కి తెల్లవారేసరికి చేలో దిగాడు.

చేలో మన్ను పిడికిట్లోకి తీసుకుంటే పొడి దుమ్ము రాలింది!

రానుపోను చార్జీలు, రెండు రోజుల కూలి పోయాయి. ఆయన కూతుర్ని ఒక్క మాట అనలేదు. "పాపా, ఆ బొమ్మలో ఉండే చేను ఎవురిది?" అని మాత్రం అడిగాడు.

ఆ సాయంకాలం అమ్మాయి నా దగ్గరకు వచ్చి ఏడ్చింది. "అబద్ధం చెప్పాలని కాదు సార్. బొమ్మ బాగుందని పెట్టినా" అన్నది. నాకు సిగ్గు వేసింది. ఏ మీట ఎక్కడ నొక్కాలో నేర్పాను గాని, నలుగురు చదివేచోట చూసినదే వ్రాయాలని నేను చెప్పలేదు. తప్పులో సగం నాది.

మర్నాడు ఇద్దరం కలిసి వానమానిక ఒకటి తయారుచేశాం. మీరూ చెయ్యవచ్చు. గోడలు నిట్టనిలువుగా, అడుగు చదునుగా ఉన్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్టుకూ గోడకూ దూరంగా, ఆరుబయట, పడిపోకుండా నిలపండి. వాన పడ్డాక అందులో నిలిచిన నీటి ఎత్తును స్కేలుతో కొలవండి. 10 మిల్లీమీటర్ల ఎత్తు నిలిస్తే 10 మిల్లీమీటర్ల వాన అన్నమాట. "మూతి పెద్దదైతే ఎక్కువ నీళ్ళు పడతాయిగదా?" అని మీరు అడగవచ్చు. పడతాయి. కాని అడుగు కూడా అంతే పెద్దది కాబట్టి ఎత్తు మారదు. ఒక చదరపు మీటరు నేలమీద ఒక మిల్లీమీటరు వాన పడితే, అది సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. మన దేశపు వాతావరణశాఖవారు రోజూ ఉదయం 8:30కు వాన లెక్క చూస్తారు. 2.5 మిల్లీమీటర్లయినా పడితేనే దాన్ని వానరోజు కింద లెక్క కడతారు.

అమ్మాయి కూడా రోజూ 8:30కు చూసేది. కొలత ఆమెది, తీర్పు వాళ్ళ అవ్వది. మొదటి వాన 6 మిల్లీమీటర్లు పడింది. అవ్వ చేలో వేళ్ళు గుచ్చి చూసి, "రెండేళ్ళ లోతు గూడా తడవలేదు, ఇది పదును గాదు పాపా" అన్నది. అమ్మాయి పాత పుటను తీసేసింది. తాను తప్పు వ్రాసిన సంగతి ఒప్పుకుంటూ రెండు వాక్యాలు వ్రాసింది. కింద తమ ఎర్రచేను ఫోటో, పక్కన డబ్బా ఫోటో పెట్టి, "6 మిల్లీమీటర్లు. విత్తటానికి చాలదని మా అవ్వ చెప్పింది" అని వ్రాసింది. ఆ పుట అందంగా లేదు. కాని అది చూసిన తరువాత మా ఊరివాడొక్కడూ దండగ్గా బస్సెక్కలేదు.

పునర్వసు కార్తెలో ఒక రాత్రి మంచి వాన కురిసింది. పొద్దున చూస్తే డబ్బాలో 31 మిల్లీమీటర్లు! అవ్వ చేలో తవ్వి చూసి, "జానెడు దిగింది. ఇది పదును!" అన్నది. తొమ్మిది గంటలకల్లా ఆ రెండు మాటలూ బ్లాగులో ఉన్నాయి. రాత్రికి నాయన ఇంట్లో ఉన్నాడు.

పంట ఎట్లా వచ్చిందని అడుగుతారేమో. ఆ తరువాత ఇరవై రోజులు చినుకు రాలలేదు. విత్తినదాంట్లో సగమే నిలిచింది. అమ్మాయి ఆ ఇరవై రోజులూ మానకుండా డబ్బా చూసి, "0" అని వ్రాసింది. ఆ సున్నలను చూసి నేను గర్వపడ్డాను. వాన పడినప్పుడు వ్రాయటం ఎవరికైనా సరదాయే. పడనప్పుడు పడలేదని వ్రాయటమే చదువు.

ఇప్పుడు మీకూ, మీ తల్లిదండ్రులకూ నాలుగు మాటలు చెబుతాను.

ఒకటి: ఇంటర్నెట్‌లో కనిపించిందల్లా మనది కాదు. 2002 నుంచి క్రియేటివ్ కామన్స్ అనే అనుమతి పత్రాలు వాడుకలో ఉన్నాయి. తీసినవారి పేరు చెప్పి వాడుకోండని కొందరు, అమ్ముకోవద్దని కొందరు షరతు పెడతారు. ఆ షరతు చదివి, పేరు వ్రాసి, అప్పుడు వాడండి. అనుమతి ఉన్న బొమ్మనైనా మన ఊరి బొమ్మ అని చెప్పకూడదు.

రెండు: దేన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోండి. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. దానిలో మీరూ వ్రాయవచ్చు. అయితే అక్కడ పుస్తకాలలో, పత్రికలలో ఆధారం ఉన్న సంగతులే వ్రాయాలి. అవ్వ చెప్పిన మాటకు చోటు బ్లాగులోనే. మీరు తీసిన గుడి ఫోటో, చెరువు ఫోటో మాత్రం వికీమీడియా కామన్స్‌కు ఇస్తే ప్రపంచమంతా వాడుకుంటుంది.

మూడు: ఇంటి చిరునామా, ఫోను నంబరు, పుట్టినరోజు, మీ ముఖం కనిపించే ఫోటో పెట్టకండి. 18 ఏళ్ళు నిండనివారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని మన దేశంలో 2023లో చట్టం చేశారు. కాబట్టి అమ్మనో నాయననో పక్కన కూచోపెట్టుకునే ఖాతా తెరవండి.

నాలుగు: మీరు వ్రాసినదానికి నకలు నోటుపుస్తకంలో ఉంచుకోండి. జియోసిటీస్ అనే చోట ఎందరో ఉచితంగా పుటలు పెట్టుకున్నారు. 2009లో దాన్ని మూసేశారు. చెదలు కాగితానికే పడతాయనుకోకండి!

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. పక్క ఊరి బడిపిల్లలు కూడా డబ్బాలు పెట్టి కొలుస్తున్నారు. మా ఊళ్ళో 12 పడ్డ రోజున, నాలుగు మైళ్ళ అవతల వాళ్ళకు సున్న పడిన సంగతి అందరికీ తెలుస్తున్నది. ఈ లెక్క ఇంతవరకు ఏ పుస్తకంలోనూ లేదు. ఎవరో దూరదేశపు విద్యార్థులు నింపిన కుండలో నీళ్ళు తాగి, మా పిల్లలు తిరిగి ఒక చెంబెడు పోశారు.

మీ ఊళ్ళో కొలవవలసింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది. బావి నీటిమట్టమో, చెరువుకు వచ్చే కొంగల లెక్కో, అవ్వకు మాత్రమే తెలిసిన విత్తనాల పేర్లో. రేపు ఉదయం వెళ్ళి చూడండి. చూసినది చూసినట్టే వ్రాయండి.