వోట్లడిగినవాడు తరువాత ఏం చేయాలి?

కాలేజీ ఎన్నికల మాట ఎత్తగానే మన ఇళ్ళలో మొదట వినిపించేది ఒక్కటే: "నీకెందుకురా ఆ గొడవలు? బుద్ధిగా చదువుకో!" తండ్రి పేపరు మడిచి ఈ మాట అంటాడు. తల్లి వంటింట్లోనుంచి వంత పాడుతుంది. వాళ్ళది ఉత్త భయం అనలేము. జెండాలు, నినాదాలు, తగవులు - విద్యార్థి ఎన్నికలంటే మనకు తెలిసింది అదే గదా! కాని గెలిచినవాడు చేయవలసిన అసలు పని వేరే ఉన్నది. దాన్ని గురించే మనం ఎప్పుడూ మాట్లాడుకోము.

మూసీ ఒడ్డున

హైదరాబాదు పాతబస్తీలో మూసీ ఒడ్డున, హైకోర్టు కట్టడానికి పొరుగున, సిటీ కాలేజీ ఉన్నది. విన్సెంట్ ఈష్ రూపకల్పన చేసిన ఈ భవనం ఎన్ని తరాల పిల్లలను చూసిందో! 1952 సెప్టెంబరు 3న ముల్కీ ఉద్యమంలో విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగింది ఈ కాలేజీ దగ్గరే. కుర్రవాళ్ళ గోడు వినేవారు లేనప్పుడు అది వీధిలోకి వస్తుంది. వీధిలోకి వచ్చిన తరువాత ఎవరి చేతిలోనూ ఉండదు.

అంతకుముందు 1938 చివర ఉస్మానియా హాస్టలులో ఇలాంటి కథే నడిచింది. ప్రార్థన గదిలో వందేమాతరం పాడరాదని అధికారులు ఆంక్ష పెట్టారు. విద్యార్థులు సమ్మె కట్టారు. వందలమంది చదువు పోగొట్టుకున్నారు. వారిలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చి ఆదుకున్నది.

నాడు ఆ పిల్లవాడు, నేడు ఈ పిల్ల

ఉస్మానియా 1918లో పుట్టింది. బోధన అంతా ఉర్దూలో. పల్లెనుంచి వచ్చిన తెలుగు కుర్రవాడు లెక్కల కంటె ముందు భాషతో కుస్తీ పట్టవలసి వచ్చేది. పాఠం తెలియక కాదు, పాఠం చెప్పే మాట తెలియక వెనకబడేవాడు. ఈనాడు చక్రం తిరిగింది. పాతబస్తీలో ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు పాఠాల ముందు కూర్చున్న అమ్మాయికి సరిగ్గా అదే కష్టం. వెనక బెంచీలో తలవంచుకొని కూర్చుంటుంది. అడిగితే నవ్వుతారేమోనని అడగదు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి తనే అయితే, చెప్పుకోవడానికి అక్కడా ఎవరూ ఉండరు.

విద్యార్థి ప్రతినిధికి మొదటి పని ఇక్కడున్నది. తనకు వోటు వేసిన స్నేహితుల దగ్గరకు కాదు, ఎవరూ పలకరించని ఆ అమ్మాయి దగ్గరకు పోవాలి. రాని స్కాలర్‌షిప్పు, నీళ్ళు లేని మరుగుదొడ్డి, మెస్సులో ఉడకని అన్నం, చక్రాల కుర్చీ ఎక్కలేని మెట్లు - ఇవి సభల్లో చప్పట్లు కొట్టించే విషయాలు కావు. అయినా చదువు ఆగిపోయేది వీటివల్లనే.

చట్టం ఏమంటున్నది?

ప్రతినిధి వట్టి చేతులతో పోనక్కరలేదు. వివక్ష ఫిర్యాదులకోసం ప్రతి విద్యాసంస్థలోనూ ఒక అధికారి ఉండాలని యూజీసీ 2012లో నిబంధన చేసింది. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీలో, విద్యార్థులకు సంబంధించిన వ్యవహారమైతే, ఎన్నికైన విద్యార్థులు ముగ్గురు కూర్చోవాలని 2015 నిబంధన. వికలాంగులకు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు కేటాయించాలని 2016 చట్టం. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు అర్హత గల కౌన్సెలరును ఏర్పాటు చేసుకోవాలన్నది.

ఇవి కాగితం మీద ఉన్నవి. కాగితాన్ని పట్టుకొని ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడే మనిషి కావాలి. ఆ మనిషే ప్రతినిధి.

ఆ మనిషి నోరు మూయిస్తే ఏమవుతుందో హైదరాబాదు చూసింది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టలునుంచి బయటికి పంపారు. విద్యార్థి సంఘం ఎన్నికల్లోనూ పాల్గొనరాదన్నారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. ఆ దుఃఖం దేశమంతటినీ కదిలించింది.

మంచి ప్రతినిధి ఎవరు?

రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలను 1988లో ప్రభుత్వం ఆపివేసింది. దౌర్జన్యాలు పెరిగినవన్నది కారణం. జబ్బు నిజమే. కాని తలనొప్పికి తల తీసేయడం వైద్యం కాదు గదా! లింగ్డో కమిటీ సిఫారసులను 2006లో సుప్రీంకోర్టు ఆమోదించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటరాదు, హాజరు 75 శాతం ఉండాలి, నేరచరిత్ర ఉండరాదు, అచ్చు పోస్టర్లు పనికిరావు. గొడవలకు మందు అందులో కొంత ఉన్నది.

మిగిలిన మందు గెలిచినవాడి నడవడిలో ఉన్నది. ఒకరు చెప్పుకున్న కష్టాన్ని పదిమందిలో పెట్టకూడదు. పేరు బయటపెట్టకుండానే పని చేయించాలి. "నేను చూసుకుంటా" అని ఊరక మాటివ్వక, ఏ ఆఫీసుకు పోవాలో తెలుసుకొని వెంట నడవాలి. మనసు బాగా క్రుంగినవారి విషయంలో తానే వైద్యుడనుకోరాదు. కౌన్సెలరు దగ్గరకు తీసుకుపోవాలి. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరు చేతిలో పెట్టాలి. ఆ రాత్రికి ఒంటరిగా వదలరాదు.

మీ అబ్బాయో అమ్మాయో ఎన్నికల్లో నిలబడతానంటే ఈసారి పేపరు మడిచి కోప్పడకండి. ఒక్క ప్రశ్న వేయండి: "మీ క్లాసులో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చునేది ఎవరు?" జవాబు వెంటనే వస్తే, నిలబడనివ్వండి. రాకపోతే, ముందు ఆ పేరు కనుక్కొని రమ్మనండి.