కెమెరాకు దొరకని యుద్ధం

అమెరికా అంతర్యుద్ధం 1861 నుంచి 1865 దాకా జరిగింది. ఆ యుద్ధం ఫొటోలు వేలల్లో ఉన్నాయి. వాటిని చూస్తుంటే నాకో డౌటు వచ్చింది: ఇన్ని ఫొటోల్లో అసలు యుద్ధమేది? గుడారాలు, ఫిరంగులు, బిగుసుకుని నిలబడ్డ అధికారులు, శవాలు కనిపిస్తాయి. ఎదురెదురుగా కాల్చుకుంటున్న సైనికులు మాత్రం కనిపించరు.

జవాబు కెమిస్ట్రీలో ఉంది. అప్పట్లో వాడింది వెట్ ప్లేట్ పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి, చీకట్లో సిల్వర్ నైట్రేట్‌లో ముంచేవారు. పలక తడి ఆరకముందే ఫొటో తీయడం, డెవలప్ చేయడం రెండూ అయిపోవాలి. చేతిలో ఉండేది పది పదిహేను నిమిషాలే! అందుకే గుర్రపు బండినే డార్క్‌రూమ్‌గా మార్చుకుని సైన్యం వెంట తిరిగేవారు. పైగా లెన్స్ కొన్ని సెకన్లపాటు తెరిచి ఉంచాలి. ఈలోపు ఎవరైనా కదిలితే ఫొటోలో మసకగా పడతారు. చనిపోయినవాళ్ళు కదలరు కదా, వాళ్ళు స్పష్టంగా పడ్డారు.

1862 సెప్టెంబర్ 17న యాంటీటమ్ దగ్గర ఒక్కరోజులోనే రెండు వైపులా కలిపి 22 వేలమందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా గల్లంతయ్యారు. పోరు ముగిశాక, శవాలను ఇంకా పూర్తిగా పూడ్చకముందే అలెగ్జాండర్ గార్డ్‌నర్ అక్కడ ఫొటోలు తీశాడు. అక్టోబర్‌లో మాథ్యూ బ్రేడీ వాటిని న్యూయార్క్‌లోని తన గ్యాలరీలో పెట్టాడు. పత్రికలు అప్పటికి ఫొటోలను నేరుగా అచ్చు వేయలేకపోయేవి. చెక్క మీద బొమ్మ చెక్కించి వేసేవి. అలాంటి రోజుల్లో, యుద్ధంలో చనిపోయిన తమ దేశపు సైనికుల ముఖాలను జనం ఫొటోల్లో చూశారు.

అయితే ఆ ఫొటోలన్నీ ఉన్నది ఉన్నట్టు తీసినవేనా? కాదు. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ దగ్గర గార్డ్‌నర్ బృందం ఒక యువ సైనికుడి శవాన్ని వేరేచోటికి మోసుకెళ్ళి, రాళ్ళ గోడ పక్కన పడుకోబెట్టి, తుపాకీ ఆనించి మళ్ళీ ఫొటో తీసింది. దాన్ని శత్రువుల గురికాడి స్థావరమని ప్రచురించారు. రెండు చోట్లా ఉన్నది ఒకే శవమని చరిత్రకారులు 20వ శతాబ్దంలో ఫొటోలు పోల్చి తేల్చారు.

ఆ ఫొటోగ్రాఫర్లు పడ్డ కష్టం మీద నాకు గౌరవమే. కానీ యుద్ధం కదలికను పట్టలేకపోవడం పలక లోపం. శవాన్ని కదిలించడం మనిషి నిర్ణయం. పలక లోపాన్ని టెక్నాలజీ ఎప్పుడో సరిచేసింది. రెండోది మాత్రం ఇవాళ మన ఫోన్ కెమెరా వెనకాల కూడా ఉంది.