గుమ్మమునకు గట్టిన యెఱ్ఱగుడ్డ

మన యిండ్లలో నమ్మవారు పోసినపుడు గుమ్మమునకు వేపమండలు గట్టుట సోదరీమణు లెఱిగినదే. లోపల రోగి యున్నాడు, పరు లూరక రావలదని దాని సూచన. 2019వ సంవత్సరము డిసెంబరు 5, 6 తేదీలలో పసిఫిక్ మహాసముద్రమునందలి సమోవా ద్వీపములలో ననేక గృహముల ముందు ఎఱ్ఱగుడ్డలు వ్రేలాడినవి. వాని యర్థము వేఱు: మా యింట టీకా పొందనివా రున్నారు, లోనికి రండు అని.

ఆ రెండు దినములును అంగళ్లు, కచేరీలు మూయబడెను. పగటివేళ నెవ్వరును ఇల్లు కదలరాదని యుత్తరువైనది. ప్రభుత్వోద్యోగులు సైతము తమ పనులు మాని తోడురాగా, నర్సులు ఇంటింటికిని తిరిగి సూదిమందు వేసిరి.

ఇంతటి యవస్థకు కారణము తట్టు. న్యూజీలాండున నా జాడ్యము ప్రబలియుండగా, అచ్చటినుండి ప్రయాణికులతో నది సమోవాకు జేరెను. నవంబరులో ప్రభుత్వమువారు అత్యవసర పరిస్థితిని ప్రకటించి, బడులు మూసి, టీకాను నిర్బంధము చేసిరి. సుమారు రెండు లక్షల జనులు మాత్రమే గల యా దేశమున 5,700 మందికి పైగా జబ్బుపడిరి. 83 మంది మృతినొందిరి. వారిలో నత్యధికులు అయిదేండ్లు నిండని పసివాండ్రు.

పొరుగుననున్న టోంగా, ఫీజీ దీవులకును ఆ యేడే తట్టు వచ్చినది. అచ్చట నొక్కరును మరణింపలేదు. పిల్లలలో నధికులకు ముందే టీకా వేసియుండుటయే భేదము.

మఱి సమోవా తల్లు లేల వెనుదీసిరి? దీనిని వారి మూఢత్వమని త్రోసిపుచ్చుటకు మాకు మనసొప్పదు. 2018 జూలైలో నచ్చట టీకా వేసిన కొలదిసేపటికే ఇద్దఱు పసిబిడ్డలు చనిపోయిరి. టీకాపొడిని కలుపవలసిన నీటికి బదులు, కాలము మీఱిన మఱియొక మందును, కండరములను సడలించుదానిని, కలిపినట్లు పిమ్మట దేలినది. ఇద్దఱు నర్సులకు కారాగారశిక్ష పడినది. దోషము కలిపిన చేతిదే గాని టీకాది గాదు. అయినను, ఆ సంగతి తేటపడులోపల టీకాల పని నెలల తరబడి నిలిచిపోయెను. ఆ యేడు టీకా పొందిన శిశువులు సుమారు మూడవవంతునకు దిగజారిరి. ప్రక్కయింటి బిడ్డ పోయిన వార్త విన్న తల్లికి లెక్కలు చెప్పిన నేమి ప్రయోజనము?

తట్టు సోకినవారు గది విడిచిపోయిన రెండు గంటల వఱకును సూక్ష్మజీవి యా గాలిలో నిలిచియుండగలదు. దద్దురులు కనబడుటకు నాలుగు దినములు ముందే యితరుల కంటును. తల్లి గుర్తుపట్టి బిడ్డను వేఱుచేయునప్పటికే యాలస్యమై యుండును. కావుననే నూటికి 95 మందికి రక్ష యున్నగాని యది యాగదని వైద్యులందురు. మన దేశమున మొదటి మోతాదు 9–12 నెలల నడుమను, రెండవది 16–24 నెలల నడుమను ఇత్తురు. బిడ్డ నడక నేర్చి యిల్లంతయు తిరుగు నా దినములలో రెండవది మఱపునకు వచ్చుట సులభము.

సమోవాలో డిసెంబరు నెలాఖరునకు టీకా పొందినవారు నూటికి సుమారు 95 మందియైరి. 28వ తేదీన అత్యవసర పరిస్థితిని తొలగించిరి.