పదవి పిత్రార్జితమా?

నేడు కర్మాగారములతో నిండిన సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములో పూర్వము పొలమే జీవనాధారము. ఆ పొలము ఎవరి సాగులో ఉన్నదో పహాణీలో వ్రాయువాడు పట్వారీ. ఆ పదవియో, తండ్రి నుండి కుమారునికి ఆస్తివలె సంక్రమించుచుండెడిది. వ్రాత తప్పైనచో కౌలుదారు ఎవరితో మొరపెట్టుకొనవలెను?

ఆంధ్ర ప్రాంతమున మునసబు, కరణముల పదవులును వంశపారంపర్యములే. గుంటూరు జిల్లాలోని ఒక గ్రామ మునసబు పదవిని గూర్చిన తగవు సుప్రీంకోర్టుకు చేరినది. అది ప్రభుత్వోద్యోగమే గావున, వంశమును బట్టి ఇతరులను త్రోసిపుచ్చరాదని 1960లో న్యాయస్థానము తీర్పు చెప్పెను. తుదకు 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా గ్రామాధికారుల పదవులనే రద్దు చేసెను.

అనుభవము ఇంట అబ్బవచ్చును. అధికారము మాత్రము ప్రజలు ఇచ్చినదే కావలెను. దానిని అప్పగించునాడు లెక్కల కట్టలతోపాటు జవాబు చెప్పు బాధ్యతయు చేతులు మారవలెను.