బాలల ఆహారం – హాస్యబోధ

ఆహార విషయంలో బాలలకు హితబోధ చేయడం ఎంత కష్టమో ఇంటింటి పెద్దలకు విదితమే. "ఆకుకూర తిను, బలం వస్తుంది" అన్నంతనే పిల్లవాడు పళ్లెం పక్కకు నెడతాడు. ఆజ్ఞకు మూసుకొనే ఆ నోరే నవ్వుకు తెరచుకొంటుంది. కనుక హాస్యం పోషకాహార బోధకు చక్కని సాధనం. అయితే దానిని ప్రయోగించే తీరు తెలియాలి.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ, అమెరికా చిత్రకారుడు ఇ. సి. సీగర్ 1929లో సృష్టించిన 'పొపాయ్' అనే నావికుడు. ఆపద రాగానే అతడు డబ్బాలోని పాలకూరను గుటుక్కున మింగి, క్షణంలో బలాఢ్యుడై శత్రువును మట్టి కరిపిస్తాడు. పాలకూర పంటకు పేరొందిన టెక్సాస్‌లోని క్రిస్టల్ సిటీ పట్టణంలో 1937లో అతనికి విగ్రహం కూడ నెలకొల్పారు. పిల్లలు ఏవగించుకొనే ఆకుకూరను వీరుని ఆయుధంగా మార్చడమే ఈ హాస్యంలోని కిటుకు.

కాని నవ్వు ముగిసిన పిదప పెద్దలు నిజం చెప్పాలి. పాలకూరలోని ఇనుములో కొద్ది భాగాన్ని మాత్రమే శరీరం గ్రహించగలదు. నిమ్మరసమో జామపండో తోడైతే అందలి 'సి' విటమిన్ వలన ఇనుము అధికంగా ఒంటబడుతుంది. బలం క్షణంలో రాదు, నిత్యాభ్యాసంతో వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశంలో ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు బాలలలో నూటికి 67 మంది రక్తహీనతకు గురైనట్లు తేలింది. కనుక ఇది కేవలం నవ్వులాట కాదు.

మన తెలుగువారికి 1957 నాటి 'మాయాబజార్' చిత్రం ఉండనే ఉన్నది. ఎస్. వి. రంగారావు గారి ఘటోత్కచుడు పెండ్లి విందును ఆరగించే దృశ్యం చూపి, "రేపు ఇతనికి కడుపునొప్పి వస్తే, వైద్యుడవై ఏ పథ్యం చెబుతావు?" అని పిల్లవానిని అడగండి. లడ్డూలు తగ్గించమని, మజ్జిగ, కూరలు, పండ్లు పుచ్చుకొమ్మని వాడే గంభీరంగా శాసిస్తాడు. తాను చెప్పిన మాట తన మనసులోనే నాటుకొంటుంది.

ఇక హాస్యం వేరు, అపహాస్యం వేరు. "గున్న ఏనుగు", "ఎండుపుల్ల" అని పిల్లల శరీరాలను వెక్కిరిస్తే వారు సిగ్గుపడి చాటుగా అతిగా తినవచ్చు, లేదా ఆకలిని అణచుకొనవచ్చు. రాగి సంకటి తినే ఇల్లు, హలీం వండే ఇల్లు, గంజితో సరిపెట్టుకొనే ఇల్లు ఒకే తరగతిలో కూర్చుంటాయి. ఏ ఇంటి వంటనూ, ఏ ఇంటి లేమినీ నవ్వులపాలు చేయరాదు. నవ్వు రాక్షసుని తిండిపోతుతనంపై వ్రాలాలి గాని, పక్కనున్న పసివానిపై వ్రాలరాదు.

రేపటి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కానున్న విద్యార్థినీ విద్యార్థులు ఇట్టి హాస్యనాటికలను ఉర్దూ, తెలుగు భాషలు రెండింటను రచించగలరు. కళాశాల కమిటీ వారు వానిని సమీప ప్రాథమిక పాఠశాలలలో ప్రదర్శింపజేస్తే, వార్షికోత్సవపు నవ్వు బాలల పళ్లెం దాకా చేరుతుంది.